రెండు పొరల సెల్లోటేపు, 53 కిలోమీటర్ల న్యూట్రినో

న్యూట్రినో అంటే విద్యుదావేశం లేని, అతి తేలికైన కణం. అది దారిలో ఒక రకం నుంచి ఇంకో రకానికి మారి మళ్లీ వెనక్కి రావడమే ఆసిలేషన్. ఈ న్యూట్రినో ఆసిలేషన్‌ని బల్ల మీద చూపించడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఓ ఎర్ర లేజర్ పాయింటరు, పాడైపోయిన ఎల్‌సీడీ తెర నుంచి ఊడదీసిన పోలరైజర్ ఫిల్ము ముక్కలు రెండు, మైక్రోస్కోపు స్లైడు, సెల్లోటేపు, ఫోటోడయోడు, మల్టీమీటరు ఉంటే చాలు. ఇదేదో పిల్లలకి అర్థమవడానికి చెప్పే పోలిక అనుకోకండి. రెండు ఫ్లేవర్ల (అంటే రెండు రకాల) న్యూట్రినో సమీకరణాన్నీ, ద్వివక్రీభవనం ఉన్న (కాంతి ఊగే దిక్కుని బట్టి దాని వేగం మారే) పదార్థంలోంచి పోయే కాంతి ధ్రువణ సమీకరణాన్నీ పక్కపక్కన రాసి చూడండి. గుర్తుల పేర్లే తేడా, లెక్క ఒక్కటే.

న్యూట్రినో ఎందుకు రూపం మారుస్తుంది? ఎలక్ట్రాన్ న్యూట్రినో, మ్యూయాన్ న్యూట్రినో అని మనం పిలిచేవి పుట్టేటప్పుడూ, పట్టుబడేటప్పుడూ ఉండే స్థితులు. ప్రయాణంలో చెక్కుచెదరకుండా ఉండేవి వేరు, కచ్చితమైన ద్రవ్యరాశి ఉన్న స్థితులు. ఈ రెండు జతలూ ఒకదానికొకటి తీటా కోణంలో వంగి ఉన్నాయి. ద్రవ్యరాశి స్థితులు రెండూ కొద్దిగా వేర్వేరు లయల్లో సాగుతాయి గనక దారిలో వాటి మధ్య ఫేజు తేడా పెరుగుతుంది. దాంతో ఫ్లేవరు మారిపోతుంది.

ఇప్పుడు టేపు సంగతి. అడ్డంగా ధ్రువణమైన కాంతిని ఎలక్ట్రాన్ న్యూట్రినో అనుకోండి, నిలువుగా ధ్రువణమైనది మ్యూయాన్ న్యూట్రినో. టేపుకి వేగపు అక్షం ఒకటి, నెమ్మది అక్షం ఒకటి ఉంటాయి. అవే ద్రవ్యరాశి స్థితులు. టేపుని అడ్డం నుంచి ఎంత తిప్పి పెట్టారో అదే మిక్సింగ్ కోణం. పొరల సంఖ్య దూరం. ఇక నాకు బాగా నచ్చే భాగం: ఫేజు తేడా తరంగదైర్ఘ్యానికి విలోమంగా మారుతుంది, న్యూట్రినోలో శక్తికి విలోమంగా మారినట్టే. అంటే ఎర్ర లేజరు ఎక్కువ శక్తి న్యూట్రినో, పచ్చ లేజరు తక్కువ శక్తి న్యూట్రినో. ఫోటాన్ శక్తితో చూస్తే ఇది తలకిందులు, కాబట్టి ఆ వైపు ఆలోచన పోనివ్వకండి.

రెండింటికీ సూత్రం ఇదే: మొదటి ఫ్లేవరుగానే మిగిలే సంభావ్యత = 1 − (సైన్ 2తీటా)² × (సైన్ (గామా/2))². ఇక్కడ గామా అంటే పేరుకుపోయిన ఫేజు తేడా. రియాక్టరు నుంచి వచ్చే 3.2 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల యాంటీన్యూట్రినోకి (న్యూట్రినోకి ప్రతికణం), సూర్యుడి న్యూట్రినోల నుంచి తెలిసిన ద్రవ్యరాశి వర్గాల తేడా (సుమారు 7.5 × 10⁻⁵ ఎలక్ట్రాన్ వోల్ట్ వర్గం) తీసుకుంటే, గామా 180 డిగ్రీలు చేరడానికి దాదాపు 53 కిలోమీటర్లు పడుతుంది. చైనాలోని జూనో అనే న్యూట్రినో డిటెక్టరుని రియాక్టర్ల నుంచి ఆ దూరంలో కట్టింది అందుకే. పొరకి 150 నానోమీటర్ల రిటార్డెన్స్ (నెమ్మది అక్షం కాంతి వేగపు అక్షం కాంతి కంటే వెనకబడే దూరం) ఉన్న టేపుకి, 650 నానోమీటర్ల లేజరుతో, అదే 180 డిగ్రీలకి రెండు పొరలకి కాస్త పైన.

ఏ టేపైనా పనికిరాదు. రాసుకోవడానికి వీలుగా ఉండే మసక రకం టేపులో ద్వివక్రీభవనం దాదాపు ఉండదు. పార్శిళ్లకి వేసే పారదర్శకమైన పాలీప్రొపిలీన్ టేపు, పాతకాలపు సెల్లోఫేన్ టేపు పనికొస్తాయి. అడ్డపోలరైజర్ల (ఒకదానికొకటి లంబంగా పెట్టిన రెండు పోలరైజర్ల) మధ్య 45 డిగ్రీల్లో పెట్టి చూడండి: వెలుగొస్తే పనికొస్తుంది, చీకటిగానే ఉంటే వదిలేయండి. ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు షీటు జోలికి మాత్రం పోవద్దు. దానికి రిటార్డెన్స్ మరీ ఎక్కువ, ఒక్క షీటులోనే ఎన్నో చుట్లు తిరిగిపోయి ఏ చుట్టులో ఉన్నామో తెలీదు. 150 అన్నది లెక్క కోసం నేను తీసుకున్న అంకె. రకాన్ని బట్టి, ఒక్కోసారి చుట్టని బట్టి కూడా మారుతుంది. మీ టేపుది మీరే కొలుచుకోవాలి.

స్లైడు మీద మెట్లు కట్టుకోవడం మేలు. 75 మిల్లీమీటర్ల స్లైడు మీద మొదటి 3 మిల్లీమీటర్లు ఖాళీగా వదిలి, నిలువునా ఒక పొర అంటించండి. దాని మీద 6 మిల్లీమీటర్లు పొట్టిగా ఇంకొకటి, ఆపైన మరో 6 పొట్టిగా. అలా 12 మెట్లు వస్తాయి. అన్ని పొరల అంచులూ ఒకే గీత మీదకి రావాలి. ప్రతి పొరా ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే మొదట్లో తెలియదు గానీ, పన్నెండో మెట్టు దగ్గర అక్షం అన్నదే మసకబారిపోతుంది. పరీక్ష తేలిక: అడ్డపోలరైజర్ల మధ్య స్లైడుని తిప్పితే, ఒక్క పొర ఉన్న చోటా, పన్నెండు పొరలున్న చోటా ఒకే కోణంలో చీకటి పడాలి. ఆ చీకటి కోణమే మీ తీటా సున్నా. టేపు అంచుని నమ్మకండి, అక్షం అంచుకి రెండు మూడు డిగ్రీలు పక్కకి ఉండొచ్చు. గాలి బుడగ కనిపిస్తే గోటితో బయటికి నెట్టేయండి.

లేజరు ముందు అట్టముక్కకి 2 మిల్లీమీటర్ల బెజ్జం పెట్టి పుంజాన్ని సన్నం చేయండి. లేకపోతే చుక్క రెండు మెట్ల మీద పడి రెండింటి సగటు చూపిస్తుంది. లేజర్ డయోడు వెలుగు చాలావరకు ముందే ధ్రువణమై ఉంటుంది కాబట్టి, మొదటి పోలరైజరు పెట్టాక పాయింటరుని దాని ఇరుసు మీద తిప్పి ఎక్కువ వెలుగొచ్చే చోట బిగించండి. పది నిమిషాలు వేడెక్కనివ్వండి. ఆ తర్వాత కూడా పాయింటర్లు ఉన్నట్టుండి ఓ మోడ్ నుంచి ఇంకో మోడ్‌కి గెంతుతాయి, రీడింగు రెండు మూడు శాతం మారిపోతుంది. విరుగుడు ఒక్కటే: ప్రతి మెట్టు దగ్గరా రెండో పోలరైజరుని సమాంతరంగా, అడ్డంగా, మళ్లీ సమాంతరంగా పెట్టి మూడు రీడింగులు తీసుకోవడం. మొదటిదీ మూడోదీ కలవకపోతే ఆ మెట్టు మళ్లీ చేయాలి.

సంభావ్యత లెక్కలో సమాంతర రీడింగుని ఒంటరిగా వాడకూడదు. ప్రతి పొరా కొంత కాంతిని తినేస్తుంది, కొంత వెనక్కి తిప్పికొడుతుంది. సమాంతర రీడింగుని, సమాంతరం, అడ్డం రెండూ కలిపిన మొత్తంతో భాగించాలి. అప్పుడా నష్టం లెక్కలోంచి పోతుంది. రెండు రీడింగుల్లోంచీ లేజరు మూసినప్పటి రీడింగు ముందే తీసేయాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ఎక్కువమంది బోర్లాపడేది ఫోటోడయోడు దగ్గర. బీపీడబ్ల్యూ34 రకం ఫోటోడయోడు కాళ్లకి నేరుగా మల్టీమీటరు తగిలించి వోల్టేజి చదివితే, వెలుగు పెరిగినా అంకె 0.4 వోల్టుల చుట్టుపక్కలే ఆగిపోతుంది. గ్రాఫులో శిఖరాలన్నీ చదునుగా వస్తాయి. వాటిని చూసి సమీకరణం తప్పనుకుంటారు. 9 వోల్టుల బ్యాటరీతో రివర్స్ బయాస్ ఇచ్చి, వరసలో 10 కిలోఓమ్‌ల రెసిస్టరు పెట్టి, రెసిస్టరు మీది వోల్టేజి కొలవండి. ఒక మిల్లీవాట్ వెలుగుకి 4 వోల్టుల దరిదాపుల్లో వస్తుంది, అక్కడిదాకా సరళరేఖే. డయోడు ముందు ఓ ట్రేసింగ్ పేపరు ముక్క పెడితే, పోలరైజరు తిప్పినప్పుడు పుంజం కొంచెం జరిగినా రీడింగు కదలదు. చుట్టూ నల్ల చార్టు పేపరు గొట్టం.

పోలరైజర్ ఫిల్ముతోనూ ఓ తిరకాసు ఉంది. మానిటర్ల నుంచి తీసిన వాటికి ఒకవైపు, పక్కనుంచి చూసినా రంగులు బాగా కనపడడానికి, రిటార్డర్ పొర (టేపులాగే ఫేజు తేడా తెచ్చే పొర) అంటించి ఉండొచ్చు. ఆ వైపు టేపుకి ఎదురుగా ఉంటే మీకు తెలియకుండానే ఇంకో న్యూట్రినో మాధ్యమం దారిలో పెట్టినట్టు. రెండు ఫిల్ములనీ అడ్డంగా పెట్టి, ఒక్కోదాన్ని తిరగేసి చూడండి. బాగా చీకటి పడే ముఖాలే టేపు వైపు ఉండాలి.

అన్నీ కుదిరితే, తీటా 33.4 డిగ్రీల దగ్గర పెట్టినప్పుడు (సౌర మిక్సింగ్ కోణం దరిదాపుల్లో అదే), 150 నానోమీటర్ల పొరకి ఎర్ర లేజరుతో సున్నా నుంచి ఐదు పొరల దాకా రావలసినవి: 1, 0.63, 0.17, 0.43, 0.95, 0.82. లోయ అడుగు 0.155 కంటే కిందికి దిగదు. 532 నానోమీటర్ల పచ్చ లేజరుతో ఒకటి నుంచి నాలుగు పొరలకి 0.49, 0.19, 0.82, 0.87. ఇప్పుడు పొరల సంఖ్యని తరంగదైర్ఘ్యంతో భాగించి రెండింటినీ ఒకే గ్రాఫు మీద పెట్టండి. చుక్కలన్నీ ఒకే వంపు మీద కూర్చుంటాయి. పచ్చ చుక్కలు కాస్త ముందుకి జరుగుతాయి, టేపు ద్వివక్రీభవనం రంగుతో కొద్దిగా మారుతుంది కాబట్టి. జపాన్‌లోని కామ్‌ల్యాండ్ న్యూట్రినో డిటెక్టరు సగటున 180 కిలోమీటర్ల దూరంలోని రియాక్టర్ల యాంటీన్యూట్రినోలతో చూపించింది ఇదే గ్రాఫు, దూరాన్ని శక్తితో భాగించి.

పచ్చ పాయింటరుతో అడ్డంగా పెట్టినా రీడింగు సున్నాకి రాకపోతే తప్పు టేపుది కాదు. చవక పచ్చ పాయింటర్ల లోపల 808, 1064 నానోమీటర్ల పరారుణ కాంతి ఉంటుంది, సరైన ఫిల్టరు లేక అది బయటికి కారుతుంది. ఫిల్ము పోలరైజరు దాన్ని ఆపదు. కంటికి కనపడదు, ఫోటోడయోడుకి మాత్రం శుభ్రంగా కనపడుతుంది. పాత వెబ్‌క్యామ్ లోపలి పరారుణ ఫిల్టరు గాజుముక్క తీసి డయోడు ముందు పెడితే సరి.

లేజరు తీసేసి తెల్ల ఎల్ఈడీ పెడితే రెండో ఊగు దాటేసరికి ఆసిలేషన్ చచ్చిపోతుంది. రంగులన్నీ తలో ఫేజులో ఉండి సగటు మిగులుతుంది: 1 − ½ × (సైన్ 2తీటా)², అంటే మన కోణానికి 0.58. ఎర్ర ఎల్ఈడీకి వెడల్పు 20 నానోమీటర్లే కాబట్టి 30 ఊగుల దాకా తట్టుకుంటుంది. శక్తిని సరిగా కొలవలేని న్యూట్రినో డిటెక్టరుకీ ఇదే గతి. జూనో ఒక మెగా ఎలక్ట్రాన్ వోల్ట్ దగ్గర 3 శాతం రిజల్యూషన్ కోసం అంత పట్టుబట్టింది, వేగంగా వచ్చే చిన్న ఊగులు ఇలా సగటులో కలిసిపోకూడదనే.

ఈ సగటు సూత్రం ఎప్పటికీ సగం కంటే కిందికి పోదు. కానీ కెనడాలోని సడ్‌బరీ న్యూట్రినో అబ్జర్వేటరీ 2001, 2002 ఫలితాల్లో సూర్యుడి నుంచి వచ్చే ఎక్కువ శక్తి న్యూట్రినోల్లో ఎలక్ట్రాన్ రకం మూడో వంతే మిగిలింది. శూన్యంలో సగటు ఆసిలేషన్‌తో ఆ అంకె రాదు. అక్కడ సూర్యుడి లోపలి పదార్థం పని చేస్తోంది.

దాని దగ్గరికి వెళ్లేముందు టేపుతోనే ఓ పని చేయండి. స్లైడుని 40 డిగ్రీల దగ్గర ఒకసారి, 50 డిగ్రీల దగ్గర ఒకసారి చదవండి. రీడింగు ఒకటే. టేపుని 90 డిగ్రీలు తిప్పి, వేగపు అక్షాన్నీ నెమ్మది అక్షాన్నీ తారుమారు చేయండి. అప్పుడూ అదే రీడింగు. కోణం 45కి ఇవతల ఉందా అవతల ఉందా, ఏ ద్రవ్యరాశి స్థితి బరువైనది అన్న ప్రశ్నలు న్యూట్రినో భౌతికశాస్త్రాన్ని ఇన్నేళ్లుగా ఎందుకు వేధిస్తున్నాయో ఈ రెండు రీడింగులు చెబుతాయి. దిక్కు ముందే తెలిసిన ఇంకో రిటార్డరుని దారిలో పెడితే తప్ప ఆ ముడి వీడదు. ప్రకృతిలో ఆ రెండో రిటార్డరు పని చేసేది ఎలక్ట్రాన్లతో నిండిన పదార్థం. భౌతికశాస్త్రవేత్త వుల్ఫెన్‌స్టీన్ 1978లో దాన్ని రాశాడు, మిఖేయెవ్, స్మిర్నోవ్ 1985లో అందులో రెజొనెన్స్ (ఒక సాంద్రత దగ్గర చిన్న మిక్సింగ్ కోణంతోనే పెద్ద మార్పు రావడం) ఉందని చూపించారు.

ఇక్కడ టేపు చేతులెత్తేస్తుంది. శూన్యం, పదార్థం రెండూ ఒకేసారి పని చేస్తున్నట్టు నటించాలంటే రెంటినీ పల్చటి ముక్కలుగా ఒకదాని తర్వాత ఒకటి పేర్చాలి. ఒక్కో ముక్క 25 డిగ్రీలకి మించకూడదు. మన టేపు ఒక్క పొరకే 83 డిగ్రీలు. కాబట్టి అభ్రకం కావాలి. మన నెల్లూరు వైపు గూడూరు అభ్రకం ఒకప్పుడు ఓడలెక్కి పోయేది. అలాంటి సహజమైన, తేటగా ఉన్న రేకు అయితేనే పని జరుగుతుంది. ఎలక్ట్రికల్ షాపులో ఇస్త్రీ పెట్టె కోసం అమ్మేది చాలాసార్లు అభ్రకం పొడిని అట్టలా నొక్కింది. అందులోంచి కాంతి సరిగా రాదు, వచ్చినదానికి ధ్రువణం మిగలదు.

పది మైక్రాన్ల రేకుకి సుమారు 45 నానోమీటర్ల రిటార్డెన్స్, ఎర్ర లేజరుతో 25 డిగ్రీలు. అంచు దగ్గర సూది దూర్చి, సందులోకి నీటి చుక్క వదులుతూ మెల్లగా విడదీయాలి. స్క్రూగేజికి పది మైక్రాన్లంటే ఒక్క గీత, దాన్ని నమ్మి లాభం లేదు. తూచండి: 6 సెంటీమీటర్ల చదరపు రేకు పది మైక్రాన్ల మందమైతే దాదాపు 100 మిల్లీగ్రాములు. లేదా అడ్డపోలరైజర్ల మధ్య 45 డిగ్రీల్లో పెట్టి మొత్తంలో 4.7 శాతం వెలుగొస్తుందేమో చూడండి. రేకంతా ఒకే బూడిదరంగులో ఉండాలి. మధ్యలో పదునైన అంచు కనిపిస్తే అక్కడ పొర మారినట్టు, ఆ ముక్క పనికిరాదు. అన్ని ముక్కలూ ఒకే రేకు నుంచి, నెమ్మది అక్షానికి సమాంతరంగా ఒక సెంటీమీటరు చదరాలుగా కత్తిరించి, ప్రతిదానికీ ఒకే మూల తుంచండి. తర్వాత ఏది ఎటో గుర్తుపట్టడానికి ఆ తుంచిన మూలే దిక్కు.

శూన్యం ముక్కని (శూన్యం పాత్ర వేసే రేకుని) నెమ్మది అక్షం అడ్డం నుంచి 15 డిగ్రీల్లో ఉండేలా పెట్టండి. పదార్థం ముక్కని (పదార్థం పాత్ర వేసే రేకుని) నెమ్మది అక్షం నిలువుగా. అలా ఒకటి విడిచి ఒకటి. పదార్థం ముక్కలు లేకుండా శూన్యం ముక్కలే పేరిస్తే ఏడో ముక్క దగ్గర 25 శాతం మారుతుంది, అంతకంటే ఎక్కలేదు. పదార్థం కలిపితే మార్పు నెమ్మదిస్తుంది గానీ ఆగదు: పద్నాలుగు జతల దగ్గర 93 శాతం దాకా చేరుతుంది. అంత చిన్న మిక్సింగ్ కోణంతో దాదాపు పూర్తి మార్పు. ఇప్పుడు పదార్థం ముక్కలన్నిటినీ 90 డిగ్రీలు తిప్పండి. 7 శాతం దాటదు. మొదటి అమరిక న్యూట్రినోది, రెండోది యాంటీన్యూట్రినోది. ఇందాక టేపు చెప్పలేకపోయిన దిక్కు ఇక్కడ 93కీ 7కీ మధ్య తేడాగా బయటపడింది.

ఈ దొంతరకి పెద్ద శత్రువు ప్రతిఫలనం. అభ్రకం ఒక్కో ముఖం 5 శాతం వెనక్కి కొడుతుంది, ముఖాలు సమాంతరంగా ఉండడంతో లేజరు కాంతి లోపల్లోపల వ్యతికరించి రీడింగు గాలికి ఊగే దీపంలా ఊగుతుంది. రెండు అక్షాలకీ ఆ వ్యతికరణం వేరువేరు కాబట్టి భాగహారంతో పూర్తిగా పోదు. ముక్కల మధ్య లవంగ నూనె చుక్క వేయండి. దాని వక్రీభవన గుణకం 1.53, అభ్రకానికి 1.6. ప్రతిఫలనం దాదాపు మాయమవుతుంది. కొబ్బరినూనె కూడా నడుస్తుంది, అంత బాగా కాదు. లవంగ నూనె ప్లాస్టిక్కుల్ని మెత్తబరుస్తుంది, పోలరైజరు మీద పడనివ్వకండి.

ఈ దొంతరలో పచ్చ లేజరు పెట్టి "తక్కువ శక్తి" అనకూడదు. అసలు న్యూట్రినోలో శూన్యం వంతు శక్తితో మారుతుంది, పదార్థం వంతు మారదు. అభ్రకంలో రెండూ రంగుతో కలిసి మారతాయి. టేపు దగ్గర అంత అందంగా కుదిరిన పోలిక ఇక్కడ చెడిపోతుంది. శక్తిని మార్చి రెజొనెన్స్ చూడాలంటే రంగు మార్చకుండా, పదార్థం ముక్కల మందం మార్చాలి. అచ్చులో చూసిన వివరణల్లో కూడా ఈ తప్పు దొర్లుతుంటుంది.

ధ్రువణానికి రెండే గదులు. మూడు ఫ్లేవర్లూ, వాటితో వచ్చే సీపీ ఉల్లంఘనా (కణమూ ప్రతికణమూ వేరుగా ప్రవర్తించడం) ఇందులో పట్టవు. స్థితులు ఎక్కువ కావాలంటే గాజులో ఫెమ్టోసెకండ్ లేజరుతో చెక్కిన వేవ్‌గైడ్ల (కాంతిని మోసే సన్నని దారుల) వరసలకి వెళ్లాలి. స్టెఫానో లొంగీ ఆలోచనతో 2010లో జర్మనీలోని జేనాలో డ్రైసో, జమైట్ తదితరులు అలాంటి వరసలో డిరాక్ సమీకరణం (కాంతివేగానికి దగ్గరగా పోయే ఎలక్ట్రాన్‌ని కూడా వర్ణించే సమీకరణం) చెప్పే ఎలక్ట్రాన్ వణుకుని చూపించారు. సరి, బేసి వేవ్‌గైడ్లకి వక్రీభవన గుణకంలో చిన్న తేడా పెడితే ఆ తేడా ద్రవ్యరాశి అవుతుంది, పక్క గైడులోకి కాంతి కారే రేటు కాంతివేగం పాత్ర పోషిస్తుంది, గాజు పొడవు కాలం అవుతుంది. పుంజాన్ని, పక్కపక్క గైడ్ల మధ్య 90 డిగ్రీల ఫేజు తేడా వచ్చేంత వాలుగా పంపాలి. నిటారుగా పంపితే కనిపించేది మామూలు వివర్తనమే. అసలు ఎలక్ట్రాన్‌లో సుమారు 10⁻¹³ మీటర్ల వణుకు, ఎవరూ నేరుగా చూడనిది, గాజులో మైక్రాన్ల ఊగుగా కనిపించింది. 2014లో మరీనీ, లొంగీ, బియాంకలానా న్యూట్రినో ఆసిలేషన్‌కీ ఇలాంటి వరసనే ప్రతిపాదించారు.

అక్కడున్న సుఖం ఏమిటంటే, చెక్కేటప్పుడు గాజులో ఏర్పడ్డ లోపాలు 633 నానోమీటర్ల కాంతికి మెరుస్తాయి. కెమెరాని పక్కన పెట్టి, కాంతి ప్రయాణమంతా మొదటి నుంచి చివరిదాకా ఒకే ఫొటోలో తీయొచ్చు. టేపుతో అది కుదరదు. ప్రతి మెట్టు దగ్గరా ఆగి, మూడు రీడింగులు తీసుకుని, ఇంకో మెట్టుకి జరపాలి. ఒక్కో దూరంలో ఒక్కో డిటెక్టరు కట్టుకునే న్యూట్రినో వాళ్ల అవస్థకి మాత్రం టేపే దగ్గర.